దారి ఇచ్చేవాళ్ళు

కనుమనాడు మా కోనసీమలో దేవుళ్ళు గుళ్ళో ఉండరు, చేలల్లో ఉంటారు. అంబాజీపేట మండలం మొసలపల్లి శివారులో జగ్గన్నతోట అని ఓ కొబ్బరితోట ఉంది. అందులో గుడి లేదు, గోపురం లేదు. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ శివుళ్ళు ఏడాదికోసారి అక్కడ కలుసుకుంటారు. వ్యాఘ్రేశ్వరం నుంచి వ్యాఘ్రేశ్వరుడు, పుల్లేటికుర్రు నుంచి అభినవ వ్యాఘ్రేశ్వరుడు, ముక్కామల నుంచి రాఘవేశ్వరుడు, ఇరుసుమండ నుంచి ఆనంద రామేశ్వరుడు, వక్కలంక నుంచి విశ్వేశ్వరుడు, పెదపూడి నుంచి మేనకేశ్వరుడు వస్తారు. నేదునూరు, పాలగుమ్మి, గంగలకుర్రు మూడూళ్ళ నుంచీ వచ్చేది చెన్నమల్లేశ్వరులే. గంగలకుర్రు అగ్రహారం నుంచి వీరేశ్వరుడు. ఆతిథ్యం మొసలపల్లి మధుమానంత భోగేశ్వరుడిది. వ్యాఘ్రేశ్వరం ప్రభ తోటలోకి రాగానే అప్పటికి చేరిన ప్రభలన్నిటినీ ఒక్కసారి పైకెత్తి పెద్దరికానికి మర్యాద చేస్తారు.

వెదురుతో ఎత్తుగా కట్టి, రంగురంగుల నూలు చుట్టి, కొత్త బట్టలు పరిచి, వరికంకులు, నెమలి పింఛాలు, పూలదండలు, గంటలు కట్టిన ఆ ప్రభల బరువును కుర్రాళ్ళు భుజాల మీద మోసుకొస్తారు. గంగలకుర్రు, అగ్రహారం ప్రభలకు దారిలో ఎగువ కౌశిక కాలువ అడ్డం. "అశ్శరభ శరభ" అని కేకలు పెడుతూ పీకల్లోతు నీళ్ళలోకి దిగుతారు. ప్రభ ఓ పక్కకు ఒరుగుతుంది, తాళ్ళు పట్టినవాళ్ళు రెండో పక్కకు లాగుతారు, ఒడ్డున ఉన్న జనమంతా ఊపిరి బిగబట్టుకుంటారు. నీళ్ళు దాటాక చేలు. అప్పటికి దాళ్వా ఊడుపులు పడి, లేత పైరు నిలదొక్కుకుంటూ ఉంటుంది. దాని మీదుగానే నడుస్తారు.

ఆ చేను ఎవరో ఒకరిది. విత్తనం, దుక్కి, ఊడుపు కూలి అన్నీ అప్పటికే పెట్టి ఉంటాడు. మా వైపు చాలా చేలు కౌలువి కాబట్టి నష్టమొస్తే పడేది కౌలురైతే. దేవుడు తొక్కిన చేను బాగా పండుతుందని ఇక్కడి నమ్మకం. అయినా చేతికి రావలసిన పైరు కళ్ళముందు బురదలో కలిసిపోతుంటే నమ్మకం ఒక్కటే మనిషిని నిలబెట్టగలదా అని నాకు చాలాకాలం అనుమానంగా ఉండేది. ఒక కనుమనాడు గట్టు మీద అలాంటి రైతు పక్కనే నిలబడ్డాను. "ఎంత పోతుందండీ?" అని అడిగాను. ఆయన నావైపు తిరిగి, "పోడమేంటండీ, పక్క చేలోంచి ఎళ్ళలేదు, మా చేలోంచే ఎళ్తన్నారు" అన్నాడు. ఆ మాటలో త్యాగం లేదు, ఓర్పు కూడా లేదు. తన ఇంటి గుమ్మంలోకి పెద్దలు వచ్చారన్న సంబరం ఉంది.

2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్రం పంపిన శకటం ఈ ప్రభల తీర్థమే. మన పండుగను దేశమంతా చూసిందని సంతోషించినవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ ఆ తీర్థం మొత్తంలో నాకు ఎక్కువగా గుర్తుండేది ప్రభా కాదు, మోసేవాళ్ళూ కాదు. గట్టు మీది ఆ రైతు.

నడకయాత్రల గురించి ఎవరు చెప్పినా నడిచేవాడి గురించే చెబుతారు. వాడి పాదాల బొబ్బలు, వాడి మొక్కు, వాడికి కలిగిన ప్రశాంతత. నడిచేవాడు పొద్దున లేచి బయలుదేరితే చాలు, దారి దానంతట అదే ముందుంటుందన్నట్టు ఉంటాయి ఆ కథలు. మా లంకల దేశంలో అలా ఉండదు. పది అడుగులకో పంటబోదె, మైలుకో కాలువ, పూటకో గోదావరి పాయ. ఎవరో ఒకరు పక్కకు జరిగి, పడవ విప్పి, తడిక తీసి, చెంబుడు నీళ్ళిస్తే తప్ప ఇక్కడ ఎవ్వరూ ఏ తీర్థానికీ చేరలేరు. యాత్ర చేసేది నడిచేవాడైనా యాత్రను జరిపించేది దారి ఇచ్చేవాళ్ళని, పుణ్యంలో పెద్ద వాటా వాళ్ళదేనని నా గట్టి నమ్మకం. అది నాకు పుస్తకాల వల్ల రాలేదు. సప్తసాగర యాత్ర దారిలో నడుస్తుంటే వచ్చింది.

ఆ యాత్ర పుష్య బహుళ అమావాస్యనాడు మొదలవుతుంది. మా వైపు దాన్ని చొల్లంగి అమావాస్య అంటారు. కాకినాడకు దక్షిణంగా చొల్లంగిలో తుల్యభాగ సాగరంలో కలిసే చోట తొలి స్నానం. అక్కణ్ణుంచి గోదావరి ఏడు పాయలూ సముద్రంలో కలిసే తావుల్లో వరుసగా మునుగుతూ, మాఘ శుద్ధ ఏకాదశికి, అంటే భీష్మ ఏకాదశికి, అంతర్వేది చేరాలి. తుల్యభాగ, ఆత్రేయ, భారద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వాసిష్ఠ అని ఏడు పాయలు. గౌతముడు తెచ్చిన నదిని రుషులు ఏడుగా చీల్చి సముద్రానికి తీసుకెళ్ళారని కథ. రాజోలు సీమకు నీడనిచ్చే వైనతేయ మాత్రం ఈ లెక్కలోకి రాదు. చూడబోతే అదీ పెద్ద పాయే, అయినా ఏడింటిలో దానికి చోటు దొరకలేదు. పిల్లలు కావాలని మొక్కుకున్నవాళ్ళు ఎక్కువగా ఈ యాత్ర చేస్తారని హెమింగ్వే రాసిన పాత గోదావరి జిల్లా గెజిటీర్‌లో కూడా ఉంది. ఇప్పుడు కారులో ఒక్కరోజులో ముగించేస్తున్నారు. నడిచేవాళ్ళు తక్కువే, కానీ లేకపోలేదు.

నేను నడిచిన దారి ఇది. చొల్లంగి, కోరంగి, తాళ్ళరేవు, యానాం, గౌతమి దాటి ఎదుర్లంక, రోజూ స్వామికి కల్యాణం జరిగే మురమళ్ళ, వృద్ధగౌతమి ఒడ్డున కుండలేశ్వరం, అమలాపురం పక్కగా అల్లవరం వైపు, వైనతేయ దాటి రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అంతర్వేది. ఏకబిగిని నడవలేదు, ముక్కలుగా నడిచాను.

కోరంగిలో ఆత్రేయ స్నానం. ఇవాళ అది మడ అడవుల పక్కన ఒదిగిన చిన్న ఊరు. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 నవంబరు తుపానులో ఉప్పెన ఊరినీ ఓడల్నీ మింగేసింది. బర్మా పోయిన తెలుగువాళ్ళందరినీ అక్కడివాళ్ళు కోరంగీలనే పిలిచారంటే ఎంతమంది ఈ రేవు మీదుగా వెళ్ళి ఉంటారో ఊహించుకోవచ్చు. పుణ్యానికి వచ్చినవాళ్ళూ పొట్టకూటికి ఓడెక్కినవాళ్ళూ ఒకే రేవులో దిగి మునిగారు. నేను స్నానం చేస్తుంటే నాకు ఆ రెండోవాళ్ళే ఎక్కువ గుర్తొచ్చారు. వాళ్ళకు తిరుగుదారి ఉంటుందన్న హామీ లేదు.

గౌతమి మీద యానాం, ఎదుర్లంకల మధ్య వారధి 2002లో వచ్చింది. దానికి బాలయోగి గారి పేరు పెట్టారు. అంతకుముందు పంటు మీద దాటాల్సిందే. గాలి ఎక్కువగా ఉంటే ఆగాలి, పొద్దుపోతే రేవులోనే పడుకోవాలి. వంతెనలు వచ్చి యాత్ర పాడైపోయిందని వాపోయేవాళ్ళతో నేను ఏకీభవించను. పురిటినొప్పులతో రేవులో పంటు కోసం ఎదురుచూసిన ఆడవాళ్ళ కథలు వినని ఇల్లు మా లంకల్లో లేదు. వంతెన తీసుకుపోయింది ఒక్కటే. దాటించమని ఇంకొకరిని అడగాల్సిన అవసరం. అడిగినప్పుడు "ఏ ఊరండీ, ఎక్కడిదాకా?" అని మొదలయ్యే మాట. ఆ మాటతోనే మనం ఆ ఊరికి చుట్టాలమయ్యేవాళ్ళం.

అడగడం మరిచిపోకుండా ఉండాలంటే నడవాలి. ఎదుర్లంక దాటాక కాలువగట్టు మీద ఓ పెంకుటింటి అరుగు కనిపిస్తే కూర్చున్నాను. లోపల్నుంచి పెద్దావిడ వచ్చి నన్ను ఎగాదిగా చూసి, "సాగర యాత్రాండీ?" అంది. ఔనన్నాను. లోపలికి వెళ్ళి పెద్ద గ్లాసుడు మజ్జిగ తెచ్చింది. "మా అత్తగారుండగా ఈ అరుగు మీద రాత్రులు పది పదిహేనుమంది పడుకునేవారు నాయనా. ఇప్పుడు కారాపి దారి అడిగి పోతన్నారు" అంది. డబ్బివ్వబోతే నొచ్చుకుంది. "అంతర్వేదిలో మా పేరు చెప్పి ఓ మునకెయ్యి, చాలు" అంది.

జపాన్‌లో షికోకు దీవి చుట్టూ 88 గుళ్ళ నడక ఉంది, దాదాపు 1,200 కిలోమీటర్లు. దారి పక్క ఊళ్ళవాళ్ళు నడిచేవాళ్ళకు పండో, టీయో, ఓ రాత్రి చోటో ఇస్తారు. దానికి ఒసెత్తాయ్ అని పేరు. ఇచ్చినవాళ్ళు కదలకుండానే ఆ యాత్రలో భాగస్వాములవుతారని వాళ్ళ లెక్క. పండరిపురం వెళ్ళే వార్కరీలకు మహారాష్ట్ర ఊళ్ళు చేసే ఆదరం కూడా అలాంటిదే. మా పెద్దావిడ ఈ రెండింటి సంగతీ విని ఉండదు. ఆమె అడిగిన మునకలో ఉన్నది మాత్రం అదే లెక్క.

తెలుగులో నడకయాత్రల పుస్తకం అంటే ముందు గుర్తొచ్చేది ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. ఆయన 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. పల్లకీ, బోయీలు, పెద్ద పరివారం ఉన్న యాత్ర అది. అయినా ఆ పుస్తకం తెరిస్తే గుళ్ళకంటే ఊళ్ళే ఎక్కువ కనిపిస్తాయి. ఎక్కడ నీళ్ళు బాగున్నాయి, ఎక్కడ అంగళ్ళున్నాయి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది. యాత్ర ఎవరి మీద ఆధారపడి సాగుతుందో ఆయనకు తెలుసు కాబట్టే ప్రతి మజిలీకీ అవి రాసుకున్నాడు.

అయితే ఈ అరుగులూ ఈ నీళ్ళూ అందరికీ ఒకేలా అందలేదు. సత్రాల్లో పంక్తులు వేరు, బావులు వేరు. పేటల్లోంచి బయలుదేరినవాళ్ళు ఊరి వెలుపల చెట్టు కింద వండుకున్నారు. దాహమేస్తే దోసిలి పట్టి నిలబడ్డారు, పైనుంచి ధారగా పోసేవారు. ఆ ధార పడిన చేతుల సంగతి చెప్పకుండా పాత రోజుల ఆతిథ్యాన్ని పొగడడం నాకు చేతకాదు. దారి ఇవ్వడమంటే మనవాడికి ఇవ్వడం కాదు. ఎవరో తెలియనివాడికి, మనవాడు కాడనుకున్నవాడికి ఇవ్వడం. ఆ కొలతకు నిలబడిన మనుషులు ఆ రోజుల్లో తక్కువే. ఒక్క మనిషి మాత్రం ఉంది.

పి. గన్నవరాన్ని పూర్వం లంకల గన్నవరం అనేవారు. డొక్కా సీతమ్మగారు 1841లో పుట్టి 1909లో పోయారు. కాపురానికి వచ్చింది ఈ ఊరికే. నాలుగు వైపులా ఏటిపాయలు, రేవులు. దాటాలంటే ఆగాలి, ఆగితే ఆకలేస్తుంది. అలా ఆగినవాళ్ళందరికీ ఏ వేళకొచ్చినా, ఏ కులమైనా ఆ ఇంట అన్నం పెట్టేవారు. ఆమె గురించి మా వైపు ఎన్నో కథలు చెప్పుకుంటారు. అన్నిటికంటే నాకు ఇష్టమైనది ఇది. జీవితమంతా పొయ్యి దగ్గరే గడిపిన ఆవిడకు ఒక్కసారి అంతర్వేది నరసింహస్వామిని చూడాలనిపించింది. పల్లకీలో బయలుదేరింది. దారిలో బోయీలు అలసట తీర్చుకోవడానికి ఆగారు. అటుగా పోతున్న పెళ్ళివారు, "పిల్లలు ఆకలితో నకనకలాడుతున్నారు, ఇంకొంచెం దూరం ఓర్చుకుంటే సీతమ్మగారి ఇల్లొస్తుంది" అనుకుంటున్నారు. ఆవిడ ఆ మాట విని పల్లకీ వెనక్కి తిప్పించింది. వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి అన్నం వండింది.

ఆమె అంతర్వేది చేరిందా లేదా అన్నది ఆ కథలో పెద్ద విషయం కాదు. చెప్పేవాళ్ళెవరూ దాని కోసం బెంగపడరు. దేవుడి దగ్గరికి వెళుతున్న మనిషి, దేవుడి దగ్గరికో ఇంకెక్కడికో వెళుతున్నవాళ్ళ ఆకలి విని వెనక్కి తిరగడం, అదీ జనం గుర్తుపెట్టుకున్నది. నేను చదివిన యాత్రాచరిత్రలన్నిటిలోకీ ఆ సగంలో ఆగిన ప్రయాణమే గొప్పది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన రోజుల్లోనే గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలువను అవతలి లంకకు దాటించడానికి 49 కమానుల అక్విడక్టు కట్టారు. దాని పక్కన ఆధునిక కాలంలో కట్టినదానికి సీతమ్మగారి పేరు పెట్టారు. 2024 నుంచి బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరే. నీటిని దాటించే కట్టడానికి ఆమె పేరు రావడం నాకు మరీ నచ్చింది.

నీటి మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. సప్తసాగరాల్లో మునగబోయేవాళ్ళు గుండె దిటవు చేసుకోవాలి. తుల్యభాగ ఇవాళ నీటిపారుదల శాఖ లెక్కల్లో తుల్యభాగ డ్రెయిన్. కౌశిక అంతే, అప్పర్ కౌశిక డ్రెయిన్, లోయర్ కౌశిక డ్రెయిన్. రుషుల పేర్లతో పిలిచి, పసుపు కుంకుమలు వేసి, దోసిలి పట్టే పాయలు మన చేల మురుగూ ఊళ్ళ చెత్తా మోస్తున్నాయి. గుర్రపుడెక్క కమ్మేసి చాలాచోట్ల నీళ్ళే కనిపించవు. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు లేకపోవడం, కూలీలు దొరక్కపోవడంతో పాటు, మురుగు కదలక చేలు మునిగిపోవడం కూడా వాళ్ళ గోడుల్లో ఒకటి. కనుమనాడు ప్రభకు చేను ఇచ్చే ఊళ్ళు ఆ ప్రభ దాటే కౌశికకు దారి ఇవ్వలేకపోవడం నన్ను బాధపెడుతుంది. పూడిక తీయండని రైతులు ఏటేటా అడుగుతూనే ఉన్నారు. తీర్థానికి వచ్చే వేలమందిలో పదోవంతు మంది వాళ్ళతో గొంతు కలిపినా వినబడుతుంది.

నడిచేవాళ్ళు ఇప్పటికీ లేకపోలేదన్నాను. నమ్మకం కుదరనివాళ్ళు శుక్రవారం రాత్రి లొల్ల లాకుల వైపు వెళ్ళి చూడాలి. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకున్నవాళ్ళు కాలువగట్ల మీద చెప్పులు లేకుండా గుంపులు గుంపులుగా పోతుంటారు. ఉద్యోగాలు చేసే పిల్లలు, పరీక్ష రాసినవాళ్ళు, చంటిబిడ్డల తల్లులు. దారి పొడుగునా టీలు, మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళున్నారు. ఆ సందడి నాకు ఇష్టం.

ఇబ్బంది సముద్రం వైపు ఊళ్ళలో. కాట్రేనికోన, ఉప్పలగుప్తం, అల్లవరం, మలికిపురం మండలాల్లో వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి. చెరువు తవ్వినవాళ్ళను తప్పుపట్టడం తేలిక. వరిలో మిగలక తవ్వినవాళ్ళే ఎక్కువమంది. కానీ చెరువుకు కంచె ఉంటుంది, కాపలా ఉంటుంది. ఇదివరకు చేనిగట్టు మీద ఎవరైనా నడిచేవారు. చెరువుగట్టు మీద పరాయివాడు నడిస్తే తెగులు వస్తుందని భయం, దొంగ అని అనుమానం. ఒకచోట నేను నడవాల్సిన దారి అలాంటి కంచెతో ముగిసింది. అవతల పావుగంట దూరంలో గుడి శిఖరం కనిపిస్తోంది. చుట్టు తిరిగితే పొద్దుపోతుంది. కాపలా కుర్రాడు మొదట కుదరదన్నాడు. "సాగర యాత్ర బాబూ" అన్నాను. కాసేపు ఆలోచించి, "మా అమ్మమ్మ కూడా ఎళ్ళేదండీ" అంటూ తాళం తీశాడు. సున్నం చల్లిన చోట కాళ్ళు పెట్టి రమ్మని చెప్పి, అవతలి గేటుదాకా ముందు నడిచాడు. యజమాని చూస్తే వాడికి మాట పడుతుందని ఇద్దరికీ తెలుసు.

అంతర్వేదికి ఏకాదశినాటికి చేరాను. దశమి రాత్రి కల్యాణం అయిపోయింది, తేరు కదలబోతోంది. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోయింది, మరుసటి ఏడాది ఉత్సవానికి కొత్తది సిద్ధమైంది. ఇప్పటి గుడిని 1823 నాటికి పూర్తి చేయించింది కొపనాతి కృష్ణమ్మ, సముద్రం మీద బతికే అగ్నికులక్షత్రియుల బిడ్డ. మా పెద్దావిడ తరఫున వాసిష్ఠలో ఒక మునక, ఆ కుర్రాడి అమ్మమ్మ తరఫున ఒక మునక వేశాను. రథం వీధిలో గుర్రాలక్క గుడిదాకా వెళ్ళి ఆగింది. అక్కడ స్వామి తోబుట్టువుకు చీర పెట్టాలి. వేల జనం ఉన్నా రథం ముందు నేల ఖాళీ అయిపోయింది. ఒకరినొకరు వెనక్కి నెట్టుకుంటూ, పిల్లల్ని భుజాలకెత్తుకుంటూ అందరూ జరిగారు.

మా గోదావరి జిల్లాల్లో బండ్లదారిని పుంత అంటారు. పాత గ్రామ పటాల్లో పుంతలన్నీ గీసి ఉంటాయి, వెడల్పుతో సహా. అవి ఎవరి సొంతమూ కాదు, అందరివీ. చాలావాటిని ఇటు చేను, అటు చెరువు చెరో గజం మింగేశాయి, కొన్నిచోట్ల పూర్తిగా కలిపేసుకున్నాయి. చొల్లంగి నుంచి అంతర్వేది దాకా ఊళ్ళ పంచాయతీలు ఆ పటాలు బయటికి తీసి, సర్వే చేయించి, సాగర యాత్ర సాగే పుంతల్లో కంచెలను గీత అవతలికి జరిపించాలని నా కోరిక. కొత్త రోడ్డు అక్కర్లేదు, సిమెంటు అక్కర్లేదు, తోరణాలూ అక్కర్లేదు. మట్టిదారి ఉంటే చాలు, వచ్చే చొల్లంగి అమావాస్యకు తాళం తీయమని ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా నడుస్తాం. నీళ్ళు మాత్రం అడుగుతాం.